మేడ మీది కబుర్లు: నీటి మీద వాలే ముందు

మా బీదరులో ఆకాశం నిశ్శబ్దంగా ఉండే రోజులు తక్కువ. వాయుసేన శిక్షణ విమానాల మోతకి మన పిల్లలు ఎప్పుడో అలవాటు పడిపోయారు. అయినా 1996లో ఇక్కడే పుట్టిన సూర్యకిరణ్ బృందం తొమ్మిది విమానాలతో సాధన మొదలుపెడితే మాత్రం వీధి వీధంతా మేడ ఎక్కాల్సిందే. నేనూ ఎక్కుతాను. విమానాల మరమ్మతు పనిలోనే రిటైరైనవాణ్ణి కదా, ఆ చప్పుడు వింటే కూర్చోబుద్ధి కాదు.

అందుకే కాబోలు, అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు ఆ మధ్య నన్నో సలహా అడిగాడు. వాడు తొమ్మిదేళ్ళుగా ఇంటి గ్యారేజీలో ఒక సీప్లేను కడుతున్నాడు. 1930ల నాటి పడవ విమానానికి నకలు. చెక్క చట్రం, పైన గుడ్డ, ఒక ఇంజను, రెండు సీట్లు. నీటి మీదా వాలుతుంది, చక్రాలు దించుకుంటే నేల మీదా దిగుతుంది.

"బాబాయ్, వేసవిలో నాన్న వస్తున్నారు కదా! మొదటిసారి సరస్సు మీద ఎగిరేటప్పుడు పక్క సీట్లో నాన్నే ఉండాలి" అన్నాడు ఫోనులో. అన్నయ్యకి డెబ్భై నాలుగేళ్ళు. అప్పటికే కొత్త బూట్లు కొనేశాడు!

ఇది వెర్రి ముచ్చటేం కాదు సుమండీ. ఇంగ్లండులో విండర్‌మియర్ సరస్సు మీద 1911లో ఎగిరిన 'వాటర్‌బర్డ్' అనే విమానానికి నకలు కట్టి, 2022లో మళ్ళీ అదే సరస్సు మీద ఎగరేశారు. మన విజయవాడ నుంచి శ్రీశైలానికి 2024 నవంబరులో సీప్లేను ఎగిరి కృష్ణమ్మ మీద వాలింది. అయితే అది కంపెనీలో తయారైన ట్విన్ ఆటర్, రెండు ఇంజన్లది. ఇంట్లో కట్టినదాని సంగతి వేరు.

ప్లాను కాగితం మీద రాసి పంపమన్నాను. పంపాడు. ఏ దారిన వెళ్ళాలో ఉంది, ఫోటోలు ఎక్కడ తీయాలో ఉంది. ఎప్పుడు ఎగరకూడదో మాత్రం లేదు! అది నేను రాశాను.

మొదటిది, చట్టం. అక్కడ ఇంట్లో కట్టిన విమానాన్ని సాధారణంగా ముందు 40 గంటలు, ధ్రువీకరణ ఉన్న ఇంజను-ప్రొపెల్లరు జత అయితే 25 గంటలు, నిర్ణయించిన ప్రాంతంలోనే పరీక్షగా ఎగరేయాలి. ఆ గంటల్లో సరదాకి ఎవరినీ ఎక్కించుకోకూడదు, కన్నతండ్రినైనా సరే.

రెండోది, చక్రాలు. రన్‌వే మీద చక్రాలు దించడం మరిస్తే పడవ అడుగు గీసుకుపోతుంది. నీటి మీద చక్రాలు ఎత్తడం మరిస్తే విమానం ముక్కు నీట్లో గుచ్చుకుని తిరగబడుతుంది. అందుకని దిగే ప్రతిసారీ "ఇది నీరు, చక్రాలు పైన" అని పైకే చెప్పుకోవాలి.

మూడోది, అద్దంలాంటి నీరు. అలలు లేని సరస్సు మనకి ముచ్చటగా కనిపిస్తుంది గాని, పైలటుకి అదే గండం. నీరు ఎంత కింద ఉందో కంటికి అందదు. గట్టు వారగా, ఇంజను కొంచెం నడుపుతూ, మెల్లగా ఒకే తీరున దిగాలి. నేర్చుకునేదాకా చిన్న అలలున్న రోజే మేలు.

నాలుగోది, బరువు. అడుగున చేరిన నీరు పది లీటర్లంటే పది కిలోలు. ఎగిరే ముందు ప్రతిసారీ తోడాలి. నీటిని కోసుకుంటూ పోయే పడవ పైకి లేచి, నీటి మీద జారుతూ పరుగెత్తితేనే విమానం ఎగురుతుంది. ఎండ మండే మధ్యాహ్నం గాలి పలచబడుతుంది. సుమారు 2,200 అడుగుల ఎత్తున్న మన బీదరులో ఆ తేడా నాకు బాగా తెలుసు. గట్టు మీద ఒక చెట్టు గుర్తు పెట్టుకో, అక్కడికి చేరేలోగా లేవకపోతే ఇంజను తగ్గించెయ్యి అని రాశాను.

చివరిది, లైఫ్ జాకెట్. తొడుక్కునే కూర్చోవాలి, కాని బయటపడ్డాకే గాలి నింపుకోవాలి. లోపలే నింపుకుంటే ఆ ఉబ్బుతో తలుపు దాటడం కష్టం. బెల్టు విప్పి తలుపు తీయడం కళ్ళు మూసుకుని చేయగలగాలి, ఇద్దరూ.

చదివి వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నాన్నకి ఏం చెప్పను బాబాయ్?" అన్నాడు చివరికి.

"నేను చెబుతాలే" అన్నాను. అన్నాను గాని, ఆ సాయంత్రం అన్నయ్య ఇంటి మెట్లెక్కడానికి కాళ్ళు రాలేదు. మొత్తం విని అన్నయ్య బూట్లకేసి చూసుకున్నాడు. "నలభై గంటలే కదరా. నేనక్కడ ఆర్నెల్లుంటాను. గట్టున కుర్చీ వేయమను. ఎన్ని గంటలయ్యాయో నేనే లెక్క రాస్తాను" అన్నాడు.

టిక్కెట్టు కొన్నాం. పెట్టెలో బూట్ల పక్కనే ఒక నోటుపుస్తకం కూడా సర్దాడు. అందులో ఎన్ని గంటలెక్కాయో వచ్చే సంచికలో చెబుతాను.