దయ్యం బొమ్మలో లేదు

నాకు బొమ్మల పిచ్చి. ఈ మాట పెళ్ళయిన కొత్తల్లో మావారు మురిపెంగా అనేవారు. ఇప్పుడూ అదే మాట అంటారు గాని, మురిపెం మాత్రం కరువైంది. ఏ ఊరు వెళ్ళినా అందరూ చీరలు కొనుక్కొస్తే నేను బొమ్మ కొనుక్కొస్తాను. కొండపల్లి దశావతారాలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, తలాడించే తంజావూరు బొమ్మ సరే సరి. విదేశాలు వెళ్ళేవాళ్ళని సిగ్గు విడిచి అడిగి రష్యా మట్రియోష్కానీ, జపాను కోకేషినీ కూడా తెప్పించుకున్నాను.

మొన్న సంక్రాంతికి కొలువు తీరుస్తుంటే మా మనవరాలు, "అమ్మమ్మా! ఆ జపాను బొమ్మని గోడవైపు తిప్పెయ్యవూ? నన్నే చూస్తోంది" అంది. పాపం, కోకేషికి చేతుల్లేవు, కాళ్ళూ లేవు. గుండ్రటి తలకాయ, రోకలిబండలాంటి ఒళ్ళు, గీతల్లాంటి కళ్ళు! అదేం చేస్తుందే నిన్ను అని నిలదీస్తే అసలు సంగతి బయటపడింది. ముందురోజు రాత్రి మేం చూస్తున్న సినిమాని తలుపుచాటు నుంచి అదీ చూసేసిందిట.

ఆ సినిమా 'బ్రామ్స్: ది బాయ్ 2'. 2020లో వచ్చింది. 2016 నాటి 'ది బాయ్'కి కొనసాగింపు. మొదటిది నచ్చబట్టే ఆశగా కూచున్నాను. కథ చెప్పేస్తున్నానని కోప్పడకండి, చెప్పకపోతే నా బాధ మీకు తెలీదు.

మొదటి దాంట్లో, చెయ్యి చేసుకునే ప్రియుడి బారినుంచి పారిపోయి వచ్చిన గ్రెటా అనే అమ్మాయి, ఇంగ్లండులో ఓ పాత బంగళాలో పిల్లవాణ్ణి చూసుకునే ఉద్యోగంలో చేరుతుంది. తీరా చూస్తే పిల్లవాడి బదులు పింగాణీ బొమ్మ! అది కదులుతోందని మనం హడలిచస్తాం. చివరికి తేలేదేమిటంటే, బొమ్మ ఏ పాపమూ ఎరగదు. ఏళ్ళ తరబడి గోడల వెనక దాక్కుని, ఆ పిల్లని దొంగచాటుగా చూస్తున్న మగవాడొకడు చేస్తున్న పని అది. నిజంగా భయపడవలసిన సంగతి!

రెండో దాంట్లో అదే దర్శకుడు విలియం బ్రెంట్ బెల్ తన కథని తానే కాలదన్నాడు. దయ్యం బొమ్మలోనే ఉందిట! ఆ గోడల వెనక మనిషి చేసిన ఘోరాలకీ అదే మూలమట!

ఈ వాదన ఎక్కడో విన్నట్టు లేదూ? పెళ్ళాన్ని కొట్టేవాణ్ణి గురించి, "వాడు మంచివాడేనమ్మా, ఆ తాగుడే అలా చేయిస్తుంది" అనే పెద్దలు మనకి లేరూ? "ఎవరో ఏదో పెట్టారు" అంటారు. "గ్రహాలు బాగాలేవు" అంటారు. ఆఖరికి "కోడలు కాలుపెట్టిన వేళ" అంటారు. చేసినవాడు మాత్రం శుభ్రంగా భోంచేసి నిద్రపోతాడు.

"సినిమాకి ఇంత రాద్ధాంతమా?" అన్నారు మావారు. భయపెట్టినా ఊరుకునేదాన్ని! బొమ్మ ఇటు తల తిప్పడం, అటు కళ్ళు తిప్పడం, ఢామ్మని ఓ చప్పుడు. మా తంజావూరు బొమ్మ ఇంతకంటే బాగా ఆడిస్తుంది తల.

అసలు బొమ్మంటే ఏమిటి? కొండపల్లిలో తెల్లపొణికి కర్రని ఆరబెట్టి, చెక్కి, కాళ్ళూ చేతులూ విడిగా చేసి, రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆడామగా కూచుని రంగులద్దుతారు. జపానులో మార్చి 3న ఆడపిల్లల పండుగకి, అచ్చం మన కొలువులాగే, ఎర్రగుడ్డ పరిచిన మెట్లమీద హినా బొమ్మలు పేరుస్తారు. కొన్నిచోట్ల కాగితం బొమ్మల్ని ఏట్లో వదులుతారు, పిల్లల కీడంతా మోసుకుపోతాయని. పిల్ల కీడు తన నెత్తిన వేసుకునేదాన్ని పట్టుకుని దయ్యం అనడానికి నోరెలా వచ్చిందండీ?

ఇదంతా మనవరాలికి చెప్పాను, మొదటి సినిమా కథతో సహా. కాసేపు ఆలోచించి, కోకేషిని తనే తీసుకెళ్ళి ముందు మెట్టుమీద పెట్టింది. పేరంటాళ్ళు వెళ్ళాక నా పక్కన చేరి, "అయితే అమ్మమ్మా, ఆ గోడ వెనక అతన్ని పోలీసులు పట్టుకున్నారా?" అంది.

పదేళ్ళ పిల్లకి తోచిన ఈ ప్రశ్న, రెండో సినిమా తీసినవాళ్ళకి తోచలేదు.