ఒకటి రెండు డిగ్రీలే కదా!

భూమి వేడెక్కుతోందంటే మనవాళ్ళు చాలామంది "ఒకటి రెండు డిగ్రీలేగా, ఏసీ ఉందిగా" అని తేల్చేస్తారు. దోమ లెక్క వేరు. డెంగీ రోగిని కుట్టిన దోమ వెంటనే జబ్బు అంటించలేదు, ముందు వైరస్ దాని ఒంట్లో పెరగాలి. 25 డిగ్రీల దగ్గర అందుకు సుమారు 15 రోజులు పడితే, 30 దగ్గర వారం చాలు. దోమ బతికేదే కొద్ది వారాలు! అంటే ప్రతి డిగ్రీకీ దానికి కలిసొచ్చే రోజులు పెరుగుతాయన్నమాట.

2004లో తొలి డెంగీ కేసు చూసిన నేపాల్‌లో 2022లో కేసులు 50 వేలు దాటాయి. కొండల నడుమ ఉన్న ఖాట్మండు లోయనీ వదల్లేదు. ఎండ ఒక్కటే కారణమని అనను, రాకపోకలూ నీటి నిల్వలూ ఉన్నాయి. కానీ కేసులొచ్చాక పొగ కొట్టడం ఇక సరిపోదు. ఎండని ఆపలేకపోయినా డ్రమ్ము మీద మూత పెట్టగలం కదా!