మచ్చ చెప్పే సాక్ష్యం

ఒక్కసారి మీ చేతులు చూసుకోండి. మచ్చ లేని చేయి మనలో ఎవరికుంది చెప్పండి! గారెలు వేస్తుంటే చిట్లిన నూనె మచ్చలు చిన్నచిన్న చుక్కల్లా చెదురుమదురుగా ఉంటాయి. పెనం అంచు తగిలితే సన్నగా గీత పడుతుంది. అదే ఎవరైనా అట్లకాడ కాల్చి వాత పెడితే? దాని ఆకారమే అంచులతో సహా చర్మం మీద దిగిపోతుంది. ఏది పొరపాటున కాలిందో, ఏది పట్టుకుని కాల్చిందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఈ తేడానే పరీక్షించి కోర్టుకి రాసిచ్చే డాక్టర్లు అమెరికాలో ఉన్నారు. ఈ వారం వాళ్ల గురించే.

సొంత దేశంలో మతం పేరుతోనో, పార్టీ పేరుతోనో చిత్రహింసలు పెడితే ప్రాణాలు అరచేత పట్టుకుని పరాయి దేశానికి పారిపోయేవాళ్లుంటారు. 'నన్ను వెనక్కి పంపకండి' అని అక్కడ ఆశ్రయం అడుగుతారు. రుజువేదీ అంటారు వాళ్లు. కట్టుబట్టలతో వచ్చిన మనిషి దగ్గర ఏముంటుంది? కొట్టినవాడు రసీదు ఇస్తాడా! మిగిలింది ఒళ్లొక్కటే.

అప్పుడు లాయరు డాక్టరు దగ్గరికి పంపుతాడు. మందు కోసం కాదు, మచ్చలు చూసి రాసివ్వడం కోసం. 1986లో మొదలైన 'ఫిజీషియన్స్ ఫర్ హ్యూమన్ రైట్స్' అనే సంస్థ తరఫున ఎందరో డాక్టర్లు ఫీజు తీసుకోకుండా ఈ పని చేస్తున్నారు.

పరీక్ష ఎలా చెయ్యాలో 'ఇస్తాంబుల్ ప్రోటోకాల్' అనే పుస్తకంలో ఉంది. 1999లో దాన్ని ఐక్యరాజ్యసమితికి అందజేశారు, 2022లో తిరగరాశారు. ఇందులో నాకు బాగా నచ్చిందేమిటంటే, 'ఈమె నిజమే చెబుతోంది' అని డాక్టరు ఊరికే సర్టిఫికెట్ ఇవ్వడు. ఆమె చెప్పిన కథకీ ఈ మచ్చకీ పొంతన ఎంత అన్నదే రాస్తాడు. అసలు పొసగదా? పొసగుతుంది గానీ వేరే కారణాలూ ఉండొచ్చా? బాగా పొసగుతుందా? ఇలాంటి దెబ్బకి మామూలుగా వచ్చేదేనా? ఇంకే విధంగానూ రాదా? ఇలా అయిదు మెట్లున్నాయి. సిగరెట్టుతో కాలిస్తే గుండ్రటి మచ్చ, అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు దాకా. అరికాళ్ల మీద కొడితే కొన్నాళ్లకి గుర్తే మిగలకపోవచ్చు. మచ్చ లేదు కదా అని దెబ్బలే తినలేదని మాత్రం రాయకూడదు.

మనసునీ చూస్తారు. పీడకలలు, ఉలికిపాటు, నిద్ర పట్టకపోవడం. ముందొకసారి మూడు రోజులు బంధించారని, తర్వాత అయిదు రోజులని చెబితే జడ్జికి అది అబద్ధంలా కనిపిస్తుంది. భయంతో చెదిరిన మనసుకి తారీఖులు నిలవవని వివరించేది డాక్టరే. మా అత్తగారు పోయిన రోజు పొయ్యి మీద ఏ కూర ఉందో నాకిప్పటికీ గుర్తే, తారీఖు అడిగితే మాత్రం తడుముకుంటాను. అలాంటిది, చీకటి కొట్లో పడున్న మనిషి రోజులు లెక్కపెట్టుకుంటుందా?

ఈ సంస్థ డాక్టర్లు పరీక్షించినవాళ్లలో 2000–2004 మధ్య తీర్పు వచ్చిన 746 కేసుల్ని లెక్క చూశారు. నూటికి 89 మందికి ఆశ్రయం దొరికింది. అప్పట్లో దేశం మొత్తం మీద దొరికింది నూటికి 38 లోపే. అంతా డాక్టరు చలవే అనలేం లెండి, లాయర్లు గట్టి కేసులే చూసి పంపుతారేమో. అయినా, వెనక్కి విమానం ఎక్కించబోతున్న ఆడమనిషికి ఆ తేడా ఎంతో మీరే ఊహించుకోండి.

పరీక్షకి ముందు డాక్టరు ఆమె అనుమతి అడగాలి. వద్దంటే ఎక్కడికక్కడ ఆపెయ్యాలి. తర్వాత ఒక్కో మచ్చా చూపించి 'ఇది ఎలా వచ్చింది?' అని అడుగుతాడు. మోకాలి మీది మచ్చ చిన్నప్పుడు చెట్టు మీంచి పడినప్పటిదని చెబితే, అదీ అలాగే రాసుకుంటాడు.