నానమ్మ దిద్దిన అనువాదం

కోడ్‌లో తప్పు రాస్తే కంప్యూటర్ వెంటనే చెబుతుంది. అనువాదంలో తప్పు చేస్తే మాత్రం ఎవరి మనసో నొచ్చుకునేదాకా తెలీదు. ఈ సంగతి నాకు మా నానమ్మ దగ్గర తెలిసింది.

తాతయ్య పోయాక, రోజూ రాత్రి ఫోన్లో ఆమెకి భగవద్గీత రెండు శ్లోకాలు చదివి అర్థం చెప్పడం నా డ్యూటీ. నా సంస్కృతం ఇంటర్లో మార్కుల కోసం చదివిందే!

రెండో అధ్యాయం 65వ శ్లోకంలో 'ప్రసాదం' అనే మాట వచ్చింది. అది కలిగితే దుఃఖాలన్నీ పోతాయని సారాంశం. 'దేవుడి అనుగ్రహం' అని చెప్పేశాను. అవతల కాసేపు మాట లేదు.

"అయితే నాకు ఆయన అనుగ్రహం లేదన్నమాటేరా. ఇంకా ఏడుస్తూనే ఉన్నాగా" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి వెతికాను. 18వ అధ్యాయం 73వ శ్లోకంలో 'నీ ప్రసాదం వల్లే నా మోహం పోయింది' అనే అర్థంలో అర్జునుడు కృష్ణుడితో అంటాడు. అక్కడ అనుగ్రహమే. రెండో అధ్యాయంలోనూ అలాగే చెప్పిన అనువాదాలున్నాయి. కానీ 64, 65 శ్లోకాల్లో ఇచ్చేవాళ్ల ప్రస్తావనే లేదు. ఇంద్రియాలను అదుపులో పెట్టుకున్న మనిషి దాన్ని పొందుతాడంతే. శంకరాచార్యుల భాష్యం ప్రసన్నత, స్వాస్థ్యం అని విడమరిచింది. 17వ అధ్యాయం 16వ శ్లోకమైతే 'మనఃప్రసాదం' అనే అంటుంది. ఇక గుళ్లో చేతిలో పెట్టే పులిహోరది ఇంకో అర్థం. ఒకే పేరున్న వేరియబుల్ ఒక్కో ఫంక్షన్‌లో ఒక్కో విలువ పట్టుకున్నట్టు! నేనేమో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేశాను.

మీరూ ఇంట్లో శ్లోకాలకు అర్థం చెబుతుంటే, ఆ మాట తెలుగులో ఉంది కదా అని తొందరపడకండి. ముందూ వెనకా శ్లోకాలు కూడా చూడండి.

మర్నాడు ఫోన్ చేశాను. "నానమ్మా, నేను తప్పు చెప్పాను. బురద నీళ్లు కదపకుండా ఉంచితే పైన తేట అవుతాయి కదా, సంస్కృతంలో దానికీ ఈ మాటే."

"ఓ, తేరుకోవడమా! మా చిన్నప్పుడు నీళ్లు తేరడానికి చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లం" అంది.

ఆ గింజ మనుస్మృతి 6వ అధ్యాయం 67వ శ్లోకంలో కూడా ఉంది. దాని పేరు పలికినంత మాత్రాన నీళ్లు తేరవని చెబుతుందది. అక్కడ తేరడానికి వాడిన క్రియా, గీతలోని ప్రసాదమూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. తెలుగులో నీళ్లూ తేరుకుంటాయి, దుఃఖంలో ఉన్న మనిషీ తేరుకుంటాడు. రాత్రంతా వెతికినా నాకు తట్టని మాట ఆమె నోట్లోనే ఉంది.

"నేనింకా తేరుకోలేదురా. టైం పడుతుంది, అంతేగా?" అంది.

"అంతే నానమ్మా."

"సరే, తర్వాతి శ్లోకం చదువు."