మాడిన నూనె - బండికా? కడుపుకా?



డీజిల్ బండి నూనెతో నడుస్తుందంటే నవ్వకండి. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతోనే నడిచింది. అయితే నేటి ఇంజనుకు పచ్చినూనె మరీ చిక్కన. దానికి మిథనాల్, కాస్టిక్ సోడా కలిపి గ్లిజరిన్‌ను విడదీస్తే వచ్చే పలుచని ద్రవమే బయోడీజిల్.

దీనివల్ల లాభాలు లేకపోలేదు. నల్లపొగ తగ్గుతుంది. గంధకం దాదాపు ఉండదు. ఇంజను భాగాల అరుగుదలా తగ్గుతుంది. మరి ఖర్చు మాటేమిటి? అది నాకు మా నాన్నగారి కిరాయి జీపు నేర్పింది. కిందటేడు బయట కొన్న బయోడీజిల్ సగానికి సగం కలిపి పోశాం. వారం తిరక్కుండా బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది! మెకానిక్ ఫిల్టరు విప్పి చూసి, "నూనె తప్పేం లేదండీ. మీ ట్యాంకులో ఇరవయ్యేళ్ళ మడ్డి ఉంది, ఇది దాన్నంతా కడిగి తెచ్చి ఇక్కడ పెట్టింది" అన్నాడు. కొత్త ఫిల్టరు, పాత రబ్బరు గొట్టాల మార్పు, పోయిన రోజు కిరాయి - ఆదా అనుకున్నది కాస్తా ఆవిరైపోయింది. పైగా లీటరుకు శక్తి డీజిల్ కన్నా సుమారు 8 శాతం తక్కువ. నూటికి ఇరవై పాళ్ళు మాత్రమే కలిపితే తేడా ఒకటి రెండు శాతమే. తొందరపడ్డది మేమే!

అసలు చిక్కు బండిలో లేదు, నూనెలో ఉంది. మన దేశం తినే నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. అటువంటి నూనెను ఇంజనులో పోయడం న్యాయమా? పోనీ బీడు భూముల్లో జట్రోఫా వేద్దామని 2003లో ప్రణాళికా సంఘం కమిటీ చెప్పింది. నీరూ ఎరువూ లేని నేలలో ఆశించిన కాపు రాలేదు. 2030 నాటికి డీజిల్లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 విధానం లక్ష్యం పెట్టుకుంటే, 2024 నాటికి ఒక శాతమైనా దాటలేదు.

ఇక మిగిలింది మాడిన నూనె. మన హాస్టల్ మెస్సులో పూరీలు వేయించిన నూనె మర్నాడు బజ్జీలకూ, ఆ మర్నాడు తాలింపుకూ వస్తోందన్నది మనకు తెలియని రహస్యమా? పదేపదే కాచిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం మించితే వాడరాదని 2018 జూలై నుంచి నిబంధన ఉంది. కొలిచే నాథుడేడీ?

నెలకు రెండు డబ్బాలు మిగిలినా అది కాలేజీ బస్సుకు ఒక్కరోజు మేత. దానితో దేశం బాగుపడుతుందని నేననను. కానీ ఆ నూనెను బయోడీజిల్ తయారీదారులకు అమ్మి, లెక్క నోటీసు బోర్డు మీద పెడితే, అది మళ్ళీ మన మూకుట్లోకి రాదు గదా! నా దృష్టిలో బయోడీజిల్ వల్ల మొదటి లాభం బండికి కాదు, మన కడుపుకు.

వచ్చే ఏడు యూనియన్ పగ్గాలు పట్టేవారు వాగ్దానాల చిట్టాలో ఈ ఒక్క డబ్బాకూ చోటిస్తారని ఆశిస్తాను.