మార్గబిందువులు - మార్గరేఖ

చిన్న పడవలపై గూడ నేడు ఛార్టుప్లాటరను యంత్రము వెలసినది. దాని తెరపై సముద్రపటమును, అందు బడవ యున్న చోటును, పోవలసిన దారియు నొక్కసారిగ గానవచ్చును. అక్షాంశ రేఖాంశములచే గుర్తించిన మార్గబిందువులను నావికుడు ముందుగ నందు జేర్చినచో, యంత్రము వానిని సరళరేఖలతో గలిపి దారి చూపును. ఈ సాధనమును నిందించుట మా యుద్దేశము గాదు. కాని బిందువులను మాత్రము పరీక్షించి, రేఖను బరీక్షింపకుండు నలవాటు ప్రాణాపాయకరమని చెప్పక తప్పదు. బిందువులు రెండును లోతునీటనే యుండవచ్చును. నడుమ రాయి యుండవచ్చును.

2014 నవంబరు 29వ తేదీని జరిగిన ప్రమాదము నెవరు మరువగలరు? ప్రపంచమును జుట్టివచ్చు వోల్వో ఓషన్ పందెమున, కేప్‌టౌను నుండి అబూధాబీకి బోవుచున్న టీమ్ వెస్టాస్ విండ్ నౌక, మారిషస్సునకు ఈశాన్యమున గల కార్గడోస్ కరజోస్ పగడపు దిబ్బలపైకి చీకటిలో నెక్కినది. తొమ్మండుగురును బ్రదికి బయటపడుట యదృష్టము. వారు పామరులు గారు. జీవితమంతయు సముద్రముపై గడపినవారు. దిబ్బ పటమునందు లేకపోలేదు. తెరపై బటమును గుదించి చూచినప్పుడు అచ్చట సుమారు 40 మీటర్ల లోతు మాత్రమే కనబడెను. పెద్దది చేసి చూచినగాని దిబ్బ గోచరింపదు. కాగితపు పటములలోను చిన్న కొలతవానియందు వివరములు తగ్గుననుట నిజమే. అయినను అది చిన్న కొలతదని నావికునకు మొదటనే తెలియును. తెరయో, వ్రేలు కదలిన కొలది మారును. కావున రేవు విడువకమున్నే దారి పొడవునను పటమును బెద్దది చేసి, రేఖకు నిరుప్రక్కల నేమున్నదో చూడవలయును.

అంకెలు చేర్చుటలోని పొరపాట్లు వేఱు. అక్షాంశమున నొక నిమిషమనగా 1852 మీటర్లు. 30 సెకండ్లనగా అర నిమిషము. దానినే దశాంశమని భ్రమించి.30 అని చేర్చినచో 370 మీటర్ల దూరము తప్పును. ఇరుకు రేవుమొగలో నిది చాలదా? యంత్రము చెప్పు దిక్కును, దూరమును పటముపై గొలిచి, రెండవ మనిషిచే సరిచూపించిన ఈ దోషము పట్టుబడును. బోయాపైననే బిందువు నుంచుట మరియొక యవివేకము. యంత్రమే చుక్కానిని ద్రిప్పునప్పుడు పడవ సరిగా బోయాకే తగులును. పుస్తకములలో నచ్చైన బిందువులను నందఱును వాడుటచే, మంచులో నెదురుబడవయు నచ్చటికే వచ్చును.

ప్రవాహము పడవను బ్రక్కకు నెట్టినప్పుడు కలుగు చిక్కు సూక్ష్మమైనది. ముల్లు గమ్యమువైపే చూపుచుండును గాని పడవ రేఖను వదలియుండును. అప్పుడు 'అచ్చటికి బొమ్ము' అను మీట మరల నొక్కినచో, యంత్రమున్న చోటినుండి క్రొత్త రేఖ గీయును. ఆ రేఖ నెవరును బరీక్షించి యుండలేదు! పాతరేఖకే మరలుట క్షేమము.

మన తీరపు జాలరులకును ఇది పరాయి విషయము గాదు. హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థ చేపలు లభింపగల తావులను అక్షాంశ రేఖాంశములతో దెలుపుచున్నది. అది తెలుపునది తావును మాత్రమే. తిరుగు ప్రయాణమున చీకటిలో రేవుమొగ నెట్లు చేరవలయునో చూచుకొనుట సరంగు పని. యంత్రమును గొనియిచ్చి యొడ్డున నుండు పడవ యజమానులు, దానిని వాడు విధమును సరంగునకు నేర్పించు వ్యయమును గూడ భరింపవలయును.