ఒర కుట్టడం చిన్నపనేం కాదు

‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అనే సామెత మీరు వినే ఉంటారు. ఆ ఒరను ఎలా కుడతారో ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఎందుకంటే అది తోలుపని. ‘డిగ్రీ చదివి ఇదేం పని’ అనే మాట ముందు మన ఇంట్లోనే వస్తుంది.

ఓర్వకల్లునే తీసుకోండి. 2021లో విమానాశ్రయం మొదలైంది. 2024 ఆగస్టులో ఇక్కడా, కడప జిల్లా కొప్పర్తిలోనూ పారిశ్రామిక కేంద్రాలకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఫ్యాక్టరీలొస్తే ఉద్యోగాలొస్తాయని ఎదురుచూడటంలో తప్పు లేదు. ప్రిపరేషనూ మానొద్దు. కానీ ఈలోపు చేతికి ఒక పని నేర్పండి. కత్తి ఒరతో మొదలుపెట్టమంటాను.

పెట్టుబడి తక్కువ. రెండు జానల తోలు ముక్క, రెండు సూదులు, మైనం పట్టించిన దారం, రంధ్రాలు చేసే ఆరె చాలు. తోలు మాత్రం తంగేడు చెక్కలాంటి వాటితో పదును చేసినదై ఉండాలి. క్రోమియంతో శుద్ధి చేసిన మెత్తని తోలు ఆకారం నిలుపుకోదు. కత్తిని కాగితం మీద పెట్టి కొలత గీసుకోండి. అంచుల మధ్య సన్నని తోలు పట్టీ పెట్టి కుట్టండి. లేదంటే కత్తి వాదర దారాన్ని కోసేస్తుంది. ఒకే దారానికి రెండు కొసలా సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలో రెండువైపుల నుంచీ దూర్చాలి. అప్పుడు ఒక కుట్టు తెగినా మిగతావి నిలుస్తాయి. తర్వాత తోలు తడిపి, ప్లాస్టిక్ కవరు చుట్టిన కత్తిని లోపల పెట్టి, వేళ్లతో నొక్కి నీడన ఆరబెట్టాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అంచును గరుకు కాగితంతో సమం చేసి, కాస్త తడిపి, నున్నని కొయ్యతో రుద్దాలి. పొరలన్నీ ఒకటే పలకలా కలిసేదాకా రుద్దుతూనే ఉండాలి. చివర తేనెమైనం పట్టించాలి. అతుకు కనిపిస్తే కొనేవాడు బేరమాడతాడు. కనిపించకపోతే ‘ఎవరు చేశారు?’ అని అడుగుతాడు. ముప్పావు వంతు చేసి వదిలేసే అలవాటు మన ప్రాజెక్టుల్లో, రెజ్యూమేల్లో కూడా ఉంది. దాన్ని మాన్పించే పని ఇది. రాత్రికి రాత్రి కాసులు కురిపించదు, ఆ భ్రమ వద్దు.

ఇంకో మాట, కాస్త చేదుగా ఉంటుంది. ఈ విద్యను తరతరాలుగా నిలబెట్టినవాళ్లను మన ఊళ్లు కులం పేరుతో దూరం పెట్టాయి. బావి కపిలకు తోలు తొండాలు, మన కాళ్లకు చెప్పులు కుట్టిచ్చింది వాళ్లే. ఇవాళ అదే పనికి ‘హ్యాండ్‌మేడ్’ అని పేరు పెడితే మనకు ముద్దొస్తోంది! అందుకే వీడియోలు చూసే ముందు, మీ బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికెళ్లండి. ‘నేర్పు’ అని కాదు, ‘నేర్పండి’ అని అడగండి. ఆయన సమయానికి డబ్బివ్వండి.

మీరూ ఆయనకు ఒక పని చేసిపెట్టొచ్చు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చర్మకారుల పనీ ఉంది. శిక్షణలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15 వేల వరకు ఇస్తారు. ఆయన అర్హుడైతే దగ్గరుండి దరఖాస్తు చేయించండి. మీ చదువు మొదట అక్కడ పనికిరానివ్వండి.

మొదటి ఒర మీ నాన్న పొలానికి తీసుకెళ్లే కత్తికే కుట్టండి. వంకరగా వస్తే రానివ్వండి. రెండోది కుట్టండి.